సెరటోనిన్ తక్కువన్నమాట!

డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర వాడుతున్నానని చెప్పగానే బెంగళూరు మారతహళ్లి పీజీలో మావాళ్లు "అయితే నీకు సెరటోనిన్ తక్కువన్నమాట" అని తేల్చేశారు. ఏదో బి12 తక్కువైనట్టు! సెరటోనిన్ అంటే నరకణాల మధ్య కబుర్లు మోసే రసాయనం. డిప్రెషన్ ఉందని చెప్పే సెరటోనిన్ రక్తపరీక్ష అసలు లేదు. ఆ మాటకొస్తే ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి గట్టి ఆధారాల్లేవని 2022లో ఒక పెద్ద సమీక్ష కూడా తేల్చింది.

అలాగని మందు దండగని కాదు. నరకణాలు వదిలిన సెరటోనిన్‌ని మళ్లీ లోపలికి లాక్కోకుండా ఈ మాత్ర కొన్ని గంటల్లోనే అడ్డుకుంటుంది. మనసు తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆ మధ్యలో కణాల మధ్య కొత్త అతుకులు పడతాయని ఒక వాదన. ఇంకా తేలలేదు.

నాకైతే మొదట్లో వికారం, ఆవులింతలు తప్ప ఏమీ లేదు. దర్శినిలో (ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్) ఇడ్లీ ముందు పెట్టుకుని చట్నీ ఎండిపోయేదాకా చూస్తూ కూర్చునేవాణ్ణి. తర్వాత ఒకరోజు సిల్క్ బోర్డ్ దగ్గర ఆటో అతనితో ఇరవై రూపాయల కోసం వచ్చీరాని కన్నడలో గొడవ పడ్డా. గొడవపడే ఓపిక మళ్లీ వచ్చిందని, అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో!

అమ్మ భయం వేరు: "అలవాటైపోతుందేమోరా?" మత్తుమందులా కాదమ్మా, కాకపోతే ఉన్నట్టుండి మానేస్తే తల తిరుగుతుంది, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు అన్నాను.

ఎవరికైనా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు.