చేతులు జేబులో పెట్టుకో

మా టీమ్ లీడ్ ఆ మాటని నాలుగు నెలలైంది. ఇంకా మనసులోంచి పోలేదు.

మాంట్రియల్‌లో మేం తయారుచేస్తున్న వీడియో గేమ్‌కి ప్లేటెస్ట్. సగం తయారైన లెవెల్‌ని, అంటే ఆటలో ఒక దశని, బయటివాళ్ళ చేత ఆడించి, డిజైనర్లు వెనక నిలబడి నోరెత్తకుండా చూడాలి. ఒకమ్మాయి మెట్ల పక్కనున్న తలుపు కనపడక ఆరు నిమిషాలుగా అదే గదిలో తిరుగుతోంది. ఉండబట్టలేక "అదిగో, ఎడం పక్క" అని స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించేశాను. లీడ్ అందరి ముందే "చేతులు జేబులో పెట్టుకో" అన్నాడు. తర్వాత విడిగా, "ఆట కొన్న ప్రతివాడి ఇంటికీ వెళ్ళి తలుపు చూపిస్తావా?" అని అడిగాడు.

ఒళ్ళు మండింది. మా వైజాగ్‌లో జగదాంబ జంక్షన్ దగ్గర అడ్రసు అడిగితే సందు చివరిదాకా వచ్చి మరీ చూపిస్తారు. తెలిసీ చెప్పకుండా నిలబడటం మాకు చేతకాదు. ఎదుటివాణ్ణి వెతుక్కోనివ్వడమే గౌరవం అంటాడాయన. పని వరకు ఆయన మాటే కరెక్టు, ఒప్పుకుంటాను. 1985 నాటి సూపర్ మారియో మొదటి లెవెల్లో మారియో ఎడమ వైపు నిలబడి ఉంటాడు, కుడి వైపంతా ఖాళీ. ఎటు వెళ్ళాలో ఆ ఖాళీయే చెప్పేస్తుంది. ఈ రంగంలోకి రావాలనుకునే మన పిల్లలు ఏ ఇంజిన్, అంటే గేములు తయారుచేసే ఏ సాఫ్ట్‌వేర్, నేర్చుకోవాలని నన్ను అడుగుతుంటారు. అన్‌రియల్ అయినా యూనిటీ అయినా కూర్చుంటే వస్తుంది. తప్పుదారి పట్టిన మనిషిని చూస్తూ ఊరుకోవడమే నాకు కష్టంగా ఉంది.

మొన్న సెలవుకొచ్చి, అక్క కూతుర్ని బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళాను. 31 ఏళ్ళు నేవీలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. ఈసారి అచ్చం లెవెల్‌లా కనిపించింది. పక్కకి పోదామంటే చోటుండదు, ఇరుకొచ్చిన చోట తల దానంతటదే వంగుతుంది. లోపల గైడ్, రిటైరైన నేవీ ఆయన, "75 మందిమి ఉండేవాళ్ళం, బెర్తులు చాలవు. మరెలా పడుకునేవాళ్ళమో చెప్పమ్మా" అన్నాడు. నేను నోరు తెరవబోతే పాప "మావయ్యా, నువ్వు చెప్పకు" అంది. వెనక జనం ఆగిపోయారు. ఆయన తొందరపెట్టలేదు. పాప బెర్తులు వేళ్ళమీద లెక్కపెట్టి, ఇంకాసేపు ఆలోచించి, "వంతులేసుకుని!" అంది. "అంతేనమ్మా" అని ఆయన ముందుకి నడిచాడు.

ఆయనదీ మా ఊరే.

తిరిగొచ్చాక ఆ గదిలో తలుపు పైన చిన్న దీపం పెట్టాను, అడ్డంగా ఉన్న స్తంభం తీసేశాను. శుక్రవారం మళ్ళీ ప్లేటెస్ట్.