ఆదివారం, ఇస్త్రీ, టేగో కాల్డెరోన్

మధ్యాహ్నం చికెన్ తిని కాసేపు కునుకు తీశాక, వారానికి సరిపడా చొక్కాలు ముందేసుకుని ఇస్త్రీకి కూర్చున్నాను. ఫోన్‌లో గాయకుడు టేగో కాల్డెరోన్ తొలి ఆల్బమ్ 'ఎల్ అబయార్దే' పెట్టాను. కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో 2002లో వచ్చింది. అప్పటికి ఆయనకి 30 ఏళ్లు. రెగెటాన్ అంటే స్పానిష్‌లో ర్యాప్, పాట కలిసిన డాన్సు సంగీతం. కుర్రాళ్ల సందడిగా పేరుపడ్డ అందులో ఇది కాస్త ఆలస్యమే. నాకు నచ్చేది ఆ వయసే. బీటు ఎంత ఉరకలు వేసినా ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు నింపాదిగా పాడతాడు.

"ఇందాకట్నుంచీ ఒకటే పాట పెట్టావేంట్రా?" అంది అమ్మ వంటింట్లోంచి. అప్పటికి మూడు పాటలు అయిపోయాయి! ఆవిడ తప్పేం లేదు. రెగెటాన్‌కి ఆధారం జమైకా నుంచి వచ్చిన డెంబో దరువు. పాట మారినా అది వదలదు. పైగా ఆల్బమ్ కూడా పొడుగే, నాలుగైదు పాటలు తీసేసినా నష్టం లేదు.

అందులో 'లోయీసా' అనే పాట మాత్రం వేరు. దాంట్లో వినబడేది బొంబా. ప్యూర్టోరికో చెరకు తోటల్లో బానిసలుగా మగ్గిన ఆఫ్రికన్లు నిలుపుకున్న ఆటపాట అది. రమ్ము పీపాలకి మేకతోలు బిగించి డ్రమ్ములు చేసుకునేవారు. ఒక డ్రమ్ము దరువు పట్టి ఉంచుతుంది, రెండోది ఆడే మనిషి అడుగుకి జవాబిస్తుంది. మన డప్పులో వాయించేవాడే చిందేస్తాడు కదా, అక్కడ ఆడేవాళ్లు ఎటు తిప్పితే డ్రమ్ము అటు తిరగాలి. రాజధాని శాన్ హువాన్‌కి తూర్పున ఉన్న లోయీసా నల్లజాతివాళ్ల ఊరు. ఆ ఊరి పేరుతో టేగో వర్ణవివక్షని నిలదీశాడు. జనం డాన్సు కోసం కొనే ఆల్బమ్‌లో, అదీ మొట్టమొదటి దాంట్లో!

టేగో చిన్నప్పుడే డ్రమ్స్ నేర్చుకున్నాడు. ఇంట్లోవాళ్లకి సల్సా అనే లాటిన్ డాన్సు సంగీతంలో గాయకుడైన ఇస్మాయెల్ రివేరా అంటే ప్రాణం. ఇదే ఆల్బమ్‌లో టామీ ఒలివెన్సియా బృందం పాత సల్సా పాటొకటి తన పద్ధతిలో పాడాడు కూడా. రెగెటాన్ అంటే కంప్యూటర్ బీట్లే అనేవాళ్లకి నేను ముందు ఇదే వినిపిస్తాను.

సాయంత్రం టీ తాగుతూ బొంబా వీడియోలు వెతికాను. ఒకదాంట్లో ఒకావిడ లంగా అంచు పట్టుకుని ఒక్క విసురు విసిరింది, డ్రమ్ము దెబ్బ సరిగ్గా అక్కడే పడింది. ఆవిడ ఊరుకుందా? భుజం ఒక్కటే కదిపి ఆగిపోయింది. వాయించేవాడు తడబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.