ఆరు గంటల గీత

సాయంత్రం ఆరు. కరెంటు గ్రిడ్‌ని చూపించే తెర మీద సోలార్ ఉత్పత్తి గీత కిందికి జారిపోతోంది. సరిగ్గా అదే వేళకి ఇళ్లలో లైట్లూ ఏసీలూ మొదలవుతాయి. మధ్యాహ్నమంతా పడుకున్న మిగతా లోడ్ గీత (మొత్తం వాడకంలో సోలార్ పోను మిగిలేది) ఇప్పుడు నిటారుగా లేచింది.

ఇవాళ మళ్లీ అదే మాట విన్నాను: "దేశం కరెంటులో సగం సోలార్ నుంచే రావాలి." రావాలి, నిజమే. కానీ ఒక్కసారి లెక్క వేయండి. సగటు వాడకం 20 గిగావాట్లు అనుకుంటే సగం 10. ఏడాది సగటున ప్యానెల్ ఇచ్చేది దాని సామర్థ్యంలో సుమారు 20 శాతమే. అంటే 50 గిగావాట్లు పెట్టాలి. మంచి ఎండలో అవి 40 దాకా ఇస్తాయి, వాడకానికి రెట్టింపు! ఆ మిగులుని బ్యాటరీల్లోనో, నీటిని పైకి తోడి ఉంచే పంప్డ్ స్టోరేజీలోనో దాచకపోతే ప్లాంట్లని తగ్గించి నడపాల్సిందే.

నాకు అంతకంటే ఎక్కువ దిగులు వోల్టేజి గురించి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైంది పట్టపగలు, స్పెయిన్ సమయం 12:33కి. ఎండకేం లోటు లేదు. వోల్టేజి పెరిగిపోయి ప్లాంట్లు ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అయ్యాయి, అంటే వాటంతట అవే గ్రిడ్ నుంచి విడిపోయాయి. ఒక్కో ప్లాంటు పడిపోయినకొద్దీ వోల్టేజి ఇంకా పైకి. అప్పట్లో అక్కడి చాలా సోలార్, గాలి ప్లాంట్లు స్థిర పవర్ ఫ్యాక్టర్ మీద, అంటే వోల్టేజి ఎంతున్నా మారని సెట్టింగు మీద నడుస్తుండేవి. వోల్టేజి పెరుగుతుంటే, దాన్ని పైకీ కిందికీ లాగే రియాక్టివ్ పవర్‌ని పీల్చుకుని దాన్ని దించే పని వాటికి అప్పగించలేదు.

ప్యానెల్ కరెంటుని గ్రిడ్ కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌కి ఆ పని చేతనవును. సెట్టింగు మార్చాలి, గ్రిడ్ నిబంధనలో రాయాలి, అంతే.