తొమ్మిది పాయింట్ నాలుగు

"అది నేను ఎక్కడ చూడొచ్చు?"

ఆవిడ అడిగింది అంతే. గొంతు పెంచలేదు. టీకాల ఫ్రిజ్ పక్కన నిలబడి, జూలై నెల కాగితం మీద వేలు పెట్టి, చిన్నగా నవ్వుతూ అడిగింది. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. పదహారేళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను, అందులో ఏడేళ్ళు ఈ దేశంలో. ఇంతవరకు నన్నెవరూ అబద్ధాలకోరని అనలేదు. నిజానికి ఆవిడా అనలేదు. నాకే అలా వినపడింది.

నేను పనిచేసేది మాంచెస్టర్ దగ్గర ఒక ఊళ్ళో, ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌లో. దీన్ని ఇక్కడ సర్జరీ అంటారు. కొత్తలో "సర్జరీకి వెళ్తున్నానండీ, మళ్ళీ చేస్తా" అని ఫోన్ పెట్టేస్తే మా అత్తగారు ఆ రాత్రంతా నిద్రపోలేదట. ఆపరేషన్లేమీ ఉండవు. పిల్లలకి టీకాలు, షుగరు ఉన్నవాళ్ళ పాదాలు చూడడం, పుళ్ళకి కట్లు మార్చడం, బీపీలు, ఇదీ నా పని. ఇలాంటి చోట్లన్నిటినీ తనిఖీ చేయడానికి ఇంగ్లండులో కేర్ క్వాలిటీ కమిషన్ అని ఒకటుంది. 2009లో మొదలైంది, 2013 నుంచి ఫ్యామిలీ డాక్టర్లు కూడా దాని కిందికి వచ్చారు. అందరూ సీక్యూసీ అనే అంటారు. అన్నీ చూశాక నాలుగు మెట్లలో ఏదో ఒక మెట్టు మీద నిలబెడతారు: అద్భుతం, బాగుంది, మెరుగుపడాలి, ఏమాత్రం చాలదు. ఏది వచ్చినా సరే, వచ్చేపోయే పేషెంట్లకి కనపడేలా గోడకి అంటించుకోవాల్సిందే.

రెండు వారాల ముందు కబురొచ్చింది. ఆ రెండు వారాలూ మా మేనేజరు ఇంటికి వెళ్ళిందో లేదో నాకు అనుమానమే. కిటికీ తెరల తాళ్ళు పసిపిల్లల మెడకి చుట్టుకోకుండా గోడకి బిగించామా? వాడని గదుల్లో కుళాయిలు తిప్పి నీళ్ళు వదులుతున్నట్టు కాగితం ఉందా? లేకపోతే గొట్టాల్లో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. సూదులు వేసే పసుపు డబ్బాల మీద తేదీ, సంతకం ఉన్నాయా? ఎమర్జెన్సీ పెట్టెలో అడ్రినలిన్, పెన్సిలిన్ గడువు దాటలేదు కదా? చివరికి ఫ్రిజ్ ప్లగ్గు మీద "తీయొద్దు" అన్న స్టిక్కరు ఊడిపోతుంటే కొత్తది అంటించాం. ఊడ్చే ఆవిడ వాక్యూమ్ కోసం ఆ ప్లగ్గు పీకిందంటే వేల పౌండ్ల మందు చెత్తబుట్టలోకే.

డాక్టర్ల టెన్షన్ వేరు. తనిఖీ వాళ్ళ తరఫున ఇంకో డాక్టరు ముందే కంప్యూటర్‌లో మా రికార్డులు తిరగేస్తాడు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళకి రక్తపరీక్షలు చూశాకే మళ్ళీ మందు రాస్తున్నారా, ఉబ్బసం ఉన్న మనిషి ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్లు ఏడాదిలో డజను పట్టుకెళ్తే పిలిచి ఎందుకని అడిగారా, ఇలాంటివి. ఎప్పుడూ జోకులేసే మా పెద్ద డాక్టరు ఆ వారం లిఫ్టులో కూడా పలకలేదు.

నేను మాత్రం ధీమాగా ఉన్నాను. తనిఖీలంటే నేను చూడనివా? మా అమ్మ కోనసీమలో ఏఎన్ఎంగా చేసి రిటైరైంది. జిల్లా నుంచి పెద్దసారు వస్తున్నాడంటే పీహెచ్‌సీ దారికి రెండు వైపులా సున్నం గీతలు, వరండా అంతా బ్లీచింగ్ వాసన, చెట్టు కింద దింపిన బొండాలు. సారు దిగగానే నాలుగు కేకలు వేసేవాడు, అవి పడాల్సిందే. తర్వాత బొండం తాగి, రిజిస్టర్లలో సంతకాలు పెట్టి, "అమ్మాయి ఏం చదువుతోందమ్మా?" అని నా గురించి అడిగి జీపెక్కేవాడు. దాంతో అయిపోయేది.

ఆ అలవాటునే జంతికలు చేసి పట్టుకెళ్ళాను. ఇక్కడ తనిఖీకి వచ్చిన ఆవిడ చాలా మర్యాదగా వద్దంది. తన డబ్బాలో శాండ్‌విచ్, తన ఫ్లాస్కులో టీ. మా పాలు కూడా పోసుకోలేదు. నేను "మేడమ్" అన్న ప్రతిసారీ తన పేరు చెప్పి, అలా పిలిస్తే చాలంది. నా నోటికి ఆ పేరు రాలేదు, మేడమ్ అనడానికి లేదు, రోజంతా ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను.

సరే, ఆ జూలై కాగితం సంగతి.

టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. రోజూ ఫ్రిజ్ చూసి అప్పటి వేడి, అంతకుముందు వెళ్ళిన కనిష్ఠం, గరిష్ఠం మూడూ రాసి రీసెట్ నొక్కాలి. ఆ రోజు ఎండ పేలిపోతోంది, మా భవనంలో ఏసీ లేదు, పైగా పసిపిల్లల క్లినిక్. తలుపు తీసి మూస్తూ ఉండగా ఒక డబ్బా అంచు అడ్డుపడి తలుపు పూర్తిగా పడలేదు. నేను చూసేసరికి గరిష్ఠం 9.4.

ఏం చేయాలో అంతా చేశాను. టీకాలన్నీ రెండో ఫ్రిజ్‌లోకి మార్చి "వాడొద్దు" అని కాగితం పెట్టాను. లోపల ఉండి వేడిని నమోదు చేసే చిన్న లాగర్‌ని కంప్యూటర్‌కి తగిలించి చూస్తే ఎనిమిది దాటి ఉన్నది పన్నెండు నిమిషాలు. టీకాల టీమ్‌కి ఫోన్ చేశాను. వాళ్ళు ఒక్కొక్క టీకా పేరూ అడిగి, పర్వాలేదు వాడుకోండి అన్నారు. మేనేజరుకి చెప్పాను. బయట నడవలో పదకొండుమంది తల్లులు, పదకొండు ఏడుపులు. కాగితం మీద 9.4 అని రాశాను, రీసెట్ నొక్కాను, తర్వాతి పాపని పిలిచాను.

పక్కన "తీసుకున్న చర్య" అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉండిపోయింది.

ఇదంతా ఆవిడకి చెప్పాను. శ్రద్ధగా విని, "మీరు సరైన పనే చేశారనిపిస్తోంది" అంది. ఆ వెంటనే అడిగిన మాటే పైన రాసింది. లాగర్ లెక్క నేను సేవ్ చేయలేదు. ఫోన్లో మాట్లాడినమ్మాయి పేరు గుర్తులేదు. మేనేజరు నాకు సాయంగా తలూపింది కానీ, ఆమె తలూపడం కూడా కాగితం కాదు కదా.

నా ఉక్రోషం దేనికంటే, ఆ 9.4 రాయడమే నాకు పెద్ద విషయం. నేను పుట్టి పెరిగిన చోట 9.4 అని ఎవరూ రాయరు. రాస్తే మెమో వస్తుంది. అందుకని ఫ్రిజ్‌లో ఎంతున్నా రిజిస్టర్లో నాలుగే ఉంటుంది. నాకెలా తెలుసంటే, ఏడో తరగతిలో ఉండగా అమ్మ రిజిస్టరు నేనే నింపాను. ఉదయం ఒక గడి, సాయంత్రం ఒక గడి. "నాలుగు, నాలుగు, అయిదు, నాలుగు" అని అమ్మ వంటింట్లోంచి చెబుతుంటే, ఒకేసారి రాసినట్టు తెలియకుండా రెండు పెన్నులు మార్చి మార్చి రాశాను. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని, ఆ జూలై మధ్యాహ్నం పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. 7.4 అని రాస్తే ఎవరూ అడగరు. రాయలేదు. నిజం రాసినందుకు నిలదీశారు. అబద్ధం రాసుంటే పేజీ తిప్పేసేవాళ్ళు. ఇదెక్కడి న్యాయం?

మా ఆయన్ని పట్టుకుని ఈ ప్రశ్న వారం రోజులు అడిగాను. "వాళ్ళ పని వాళ్ళు చేశారు" అని ఆయన సాఫ్ట్‌వేర్ వాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడాడు.

కోపంలో వాళ్ళ గురించి వెతికాను కూడా. 2024లో డాక్టర్ పెనీ డాష్ అనే ఆవిడ చేత ఈ తనిఖీ సంస్థనే తనిఖీ చేయించింది ప్రభుత్వం. వీళ్ళు చూడాల్సిన చోట్లలో అయిదింట ఒకదానికి అసలు ఎప్పుడూ రేటింగే ఇవ్వలేదని, మతిమరుపు జబ్బు ఉన్న మనిషిని జన్మలో చూడనివాళ్ళు వృద్ధుల ఆశ్రమాలు తనిఖీ చేస్తున్నారని తేలింది. ఆరోగ్య మంత్రి ఈ సంస్థ తన పనికి తగినట్టు లేదని బాహాటంగానే అన్నాడు. అది చదివి నాకు కలిగిన సంతోషం అంత మంచిది కాదని తెలుసు. కానీ కలిగింది.

రిసెప్షన్‌లో పనిచేసే పెద్దావిడ ఒకరు నా గొడవ విని, టీ కప్పు పట్టుకుని పక్కన కూర్చుంది. ఆవిడ పెరిగింది హైడ్‌లో, మాకు బస్సు దూరం. హెరాల్డ్ షిప్‌మన్ డాక్టరుగా చేసిన ఊరు. నేను పేరు విన్నాను కానీ ఇంత దగ్గర అనుకోలేదు. ముసలివాళ్ళ ఇళ్ళకి స్వయంగా వెళ్ళి చూసే మంచి డాక్టరని ఊరంతా పేరు. డయామార్ఫిన్ అనే మత్తుమందు ఇచ్చి చంపేవాడు. 2000 జనవరిలో యావజ్జీవం పడింది. తర్వాత జానెట్ స్మిత్ అనే జడ్జి విచారణ జరిపి 215 మందిని చంపాడని తేల్చింది. "మా వీధిలో ఆయన పేషెంట్ల లిస్టులో చేరాలని ఎదురుచూసేవాళ్ళు" అంది ఆవిడ. ఇంకేమీ అనలేదు.

ఈ మాటతో నా నోరు కొంత మూతపడింది, పూర్తిగా కాదు. షిప్‌మన్ దగ్గర కాగితాలకేం తక్కువ? చచ్చిపోయిన మనిషి రికార్డులోకి వెళ్ళి, అంతకుముందే గుండెజబ్బు ఉన్నట్టు పాత తేదీలతో రాసేవాడట. ఆ రాతలు ఎప్పుడు ఎక్కించాడో కంప్యూటర్ తనంతట తాను గుర్తుపెట్టుకోబట్టి దొరికాడు. అంటే రాసిందల్లా నిజమనీ కాదు, రాయనిదల్లా జరగలేదనీ కాదు. ఇది ఆ తనిఖీ ఆవిడకి చెప్పాలని చాలా రోజులు మనసులో ఇంగ్లిష్ వాక్యాలు కూర్చుకున్నాను. ఆవిడకి తెలియకనా? రెండు పెన్నుల రాతలు ఎన్ని చూసుంటుందో!

ఒక విషయం మాత్రం పని చేస్తుండగానే తట్టింది. అమ్మ ఉద్యోగం చివరి ఏళ్ళలో పోలియో చుక్కల సీసా మీద ఒక బొమ్మ ఉండేది, వలయంలో చిన్న చదరం. మందుకి వేడి తగిలేకొద్దీ ఆ చదరం నల్లబడుతుంది. వలయంతో సమానంగా నల్లబడిందంటే పారేయాల్సిందే. రిజిస్టర్లో ఎన్ని నాలుగులున్నా సీసా తన సంగతి తానే చెప్పేది. చదువు రాని తల్లికి కూడా చూపించి వేయొచ్చు. ఇక్కడ నా చేతికి వచ్చే సిరంజీల మీద ఆ చదరం లేదు. ఎనిమిది వారాల పాప తొడలో నేను గుచ్చే మందు ఎంత వేడి చూసిందో మందు చెప్పదు, పాప చెప్పలేదు. ఆ గడి ఒక్కటే చెప్పాలి. రేపు ఆ టీకాలు పనిచేయవని తేలితే ఎవరెవర్ని వెనక్కి పిలవాలో కూడా అందులోంచే తెలియాలి. నేను ఆ రోజు మానేసి వెళ్ళిపోయుంటే, నా తర్వాత వచ్చిన నర్సు ఆ 9.4 చూసి ఏమనుకునేది?

నాలుగు వారాలకి రిపోర్టు వచ్చింది. "బాగుంది" అనే ఇచ్చారు. లోపల ఎక్కడో ఒక్క వాక్యం: ఫ్రిజ్ వేడి హద్దు దాటినప్పుడు ఏం చేశారో ప్రతిసారీ రాయడం లేదు. నా పేరు లేదు. మేనేజరు కొత్త ఫారం తయారుచేసింది, గడి మూడింతలు పెద్దది.

ఆ ఆదివారం అమ్మకి ఫోన్లో అంతా చెప్పాను.

"మెమో ఇచ్చారా?"

"లేదమ్మా."

"జీతంలో కోశారా?"

"లేదు."

"మరెందుకే ఏడుపు? గడి పెద్దది చేశారు, రాయి."

నవ్వాను. నవ్వుతూనే, "నా చేత రెండు పెన్నులతో రాయించావే, గుర్తుందా?" అన్నాను.

"గుర్తులేకేం. తుఫాను ఏడు కదూ. పాత రిజిస్టరు నీళ్ళలో పోతే కొత్తదాంట్లో మొత్తం నింపిమ్మన్నారు."

1996 నవంబరు. ఆరో తేదీ రాత్రి. పొద్దున లేచేసరికి కొబ్బరితోటలన్నీ నేల మీద పడుకుని ఉన్నాయి. ఆ తర్వాత ఎన్నాళ్ళు కరెంటు లేదో నాకు బాగా గుర్తు, లాంతరు దగ్గర చదువుకున్నాను. ఆ లాంతరు దగ్గరే ఆ గడులూ నింపానని ఇన్నేళ్ళుగా తట్టలేదు.

"కరెంటు లేని రోజులకి కూడా నాలుగే రాశానా అమ్మా?"

"మందులన్నీ గొయ్యి తీసి పాతించేశాను కదే. ఖాళీ పెట్టెకి ఎంత రాస్తే ఏం?"

పాతించే ఉంటుంది. మా అమ్మ సంగతి నాకు తెలుసు. అయినా ఆ ప్రశ్న, అదే ప్రశ్న, నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగాను.