క్రెడిట్ రిపోర్ట్ కేసు గెలిచాక లాయర్ ఫీజు రాబట్టడం: నా అనుభవం

అమెరికాలో క్రెడిట్ రిపోర్ట్ తప్పుల మీద వేసే కేసుల్లో, వినియోగదారుల తరఫు లాయర్ల దగ్గర పారాలీగల్‌గా (లాయర్ పనిలో సాయం చేసే ఉద్యోగం) ఫీజు పిటిషన్లు, అంటే గెలిచాక మా లాయర్ ఫీజు అవతలివాళ్ల చేత ఇప్పించమని కోర్టును అడిగే కాగితాలు, తయారుచేస్తుంటాను. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరిలో ఒకరి అప్పు ఇంకొకరి ఫైల్లోకి ఎక్కడం అక్కడి తెలుగువాళ్లకూ జరిగేదే. కేసు అనగానే వాళ్లు అడిగేది ఒకటే: "వచ్చే వెయ్యి డాలర్ల కోసం గంటకు నాలుగు వందలు పెట్టి లాయర్‌ని పెట్టుకోమంటారా?"

అక్కడ మామూలుగా ఎవరి లాయర్ ఖర్చు వాళ్లదే, గెలిచినా అంతే. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం దీనికి మినహాయింపు. క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే బ్యూరోది నిర్లక్ష్యమని తేలితే సెక్షన్ 1681ఓ కింద జరిగిన నష్టంతోపాటు కోర్టు ఖర్చులు, సమంజసమైన లాయర్ ఫీజు దాని నుంచి వస్తాయి. తెలిసే చేసిందనో, చట్టాన్ని బొత్తిగా లెక్కచేయలేదనో తేలితే 1681ఎన్ వర్తిస్తుంది. అప్పుడు నష్టం లెక్క చూపలేకపోయినా 100 నుంచి 1,000 డాలర్లు, కోర్టు తగునంటే దండనగా అదనపు పరిహారం, వాటిమీద ఫీజు. ఏ సెక్షన్ కిందైనా కేసు నెగ్గి ఉండాలి.

నెగ్గడం అంటే ఏమిటన్న దగ్గరే చాలామంది బోల్తా పడతారు. కేసు పడగానే బ్యూరో చడీచప్పుడు లేకుండా ఫైలు దిద్దేసి, ఇంక గొడవేముంది అంటుంది. కేసుకు భయపడి అవతలివాళ్లు దారికొచ్చినా సరే, కోర్టు తీర్పో కోర్టు ముద్ర పడిన ఒప్పందమో లేకపోతే నెగ్గినట్టు కాదని 2001లో బఖానన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అందుకే రాజీ కుదుర్చుకుంటే ఫీజు సంగతి అందులోనే తేల్చుకోవాలి. ఇంత మొత్తమని రాయించాలి, లేదంటే ఫీజు కోర్టు నిర్ణయిస్తుందని రాయించాలి. రెండో పద్ధతిలో ఆ మాట కేసు మూసే ఆర్డర్‌లోకి కూడా ఎక్కాలి. అక్కడ లేకపోతే తర్వాత పేచీ వచ్చినప్పుడు, ఆ ఒప్పందం అమలు చేసే అధికారం మాకు లేదని ఫెడరల్ కోర్టు తలుపు వేసేయొచ్చు.

ఇక లెక్క. సమంజసమైన గంటలను సమంజసమైన గంట రేటుతో గుణిస్తారు. దీన్నే లోడ్‌స్టార్ అంటారు, 1983 నాటి హెన్స్లీ తీర్పు దీనికి ఆధారం. కేసు ఎంత చిక్కుగా ఉంది, లాయర్ అనుభవం లాంటివన్నీ చాలావరకు ఈ రెండు అంకెల్లోనే ఇమిడి ఉన్నాయని లెక్క. ఓడితే పైసా రాదన్న రిస్కు తీసుకున్నామని పైన ఇంకొంచెం వేయమంటే 1992 డేగ్ తీర్పు ఒప్పుకోదు. రేటు ఆ ఊళ్లో అలాంటి పనికి నడుస్తున్న ధర. మా లాయర్ గొప్పవాడని రాసుకుంటే చాలదు. అదే కోర్టులో ఇలాంటి కేసుల్లో ఆయనకు గతంలో ఇచ్చిన రేట్లు, అక్కడి వేరే లాయర్ల అఫిడవిట్లు జత చేయాలి. పారాలీగల్ గంటలకూ మార్కెట్ రేటు అడగొచ్చు.

అసలు కత్తెర పడేది టైమ్‌షీట్ మీద. గంటలో పదో వంతు, అంటే ఆరు నిమిషాలు, ఒక యూనిట్. "ఫిర్యాదు డ్రాఫ్ట్, క్లయింట్‌తో ఫోన్, రీసెర్చ్: 5.2 గంటలు" అని ఒకే ముద్దగా రాస్తే దేనికెంత పట్టిందో జడ్జికి తెలియదు. అదే పనిని ఇలా రాయాలి: "డిస్ప్యూట్ లెటర్ పంపిన తేదీల గురించి క్లయింట్‌తో ఫోన్: 0.4. బ్యూరో తప్పును తిరిగి పరిశీలించాల్సిన 30 రోజుల గడువుపై రీసెర్చ్: 1.7. ఫిర్యాదులో వాస్తవాల భాగం డ్రాఫ్ట్: 3.1." మొత్తం అంతే, కానీ దేన్నీ కొట్టేయడానికి వంక దొరకదు. ఇది పని చేసిన రోజే రాయాలి. ఏడాది తర్వాత ఈమెయిళ్లు తిరగేసి అల్లిన టైమ్‌షీట్‌ని అవతలి లాయర్ ఇట్టే పసిగడతాడు, అన్నీ 0.5, 1.0 అంటూ గుండ్రంగా ఉంటాయి కనుక.

ఉదాహరణకు లాయర్ 80 గంటలు 400 చొప్పున, పారాలీగల్ 20 గంటలు 150 చొప్పున అడిగితే 35,000 డాలర్లు. పారాలీగల్ చేసిన ఫైలింగ్, స్కానింగ్ లాంటి గుమాస్తా పని 4 గంటలు, ఇద్దరు లాయర్లు ఒకే డిపాజిషన్‌లో (కోర్టు బయట సాక్షిని ప్రమాణం మీద ప్రశ్నించడం) కూర్చున్నందుకు లాయర్ గంటలు 6 తీసేస్తే 32,000. ముద్ద ఎంట్రీలకని ఇంకో 10 శాతం కోస్తే మిగిలేది 28,800. తొమ్మిదో సర్క్యూట్‌లో, అంటే కాలిఫోర్నియా లాంటి పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ కోర్టుల్లో, 10 శాతం వరకు పెద్దగా కారణం చెప్పకుండానే కోయొచ్చు. అందుకే అనవసరమనిపించిన గంటలు మేమే ముందు కొట్టేసి, కొట్టేశామని పిటిషన్లో చూపిస్తాం. అలా చేస్తే మిగతా గంటలమీద జడ్జికి నమ్మకం కుదురుతుంది.

పరిహారం కంటే ఫీజు ఎక్కువైతే ఇవ్వరన్నది అపోహ. 1986 రివెరా పౌరహక్కుల కేసులో 33,350 డాలర్ల పరిహారం మీద 2,45,456 డాలర్ల ఫీజు నిలబడింది. అలాగని ఫలితంతో పని లేదనీ కాదు. అడిగినదాంట్లో ఎంత సాధించారో చూస్తారు. ఓడిన ఆరోపణకు గెలిచినదానితో సంబంధం లేకపోతే దానిమీద పెట్టిన గంటలు పోతాయి. రెండిటికీ వాస్తవాలు ఒకటే అయితే నిలుస్తాయి.

కేసు మధ్యలో అవతలివాళ్ల నుంచి రూల్ 68 ఆఫర్ (ఇంత మొత్తానికి మాపై తీర్పు వేయించుకోండన్న రాతపూర్వక ప్రతిపాదన) వస్తే జాగ్రత్త. ఒప్పుకోవడానికి 14 రోజులే ఉంటాయి. కాదన్నాక తీర్పులో అంతకంటే ఎక్కువ రాకపోతే, ఆఫర్ తర్వాతి ఖర్చులు మన నెత్తినే. ఈ చట్టంలో ఫీజును ఖర్చుల్లో కలపకుండా వేరుగా రాశారు కాబట్టి ఫీజు దానంతటదే పోదు. కానీ ఆ తర్వాతి గంటలు అవసరమేనా అని జడ్జి నిలదీయొచ్చు. ఆ 14 రోజుల్లో ముందు చూడాల్సింది, ఆఫర్ మొత్తంలో ఫీజు కలిసి ఉందా, విడిగా ఉందా అన్నది.

పిటిషన్ గడువు ఫెడరల్ రూల్ 54 ప్రకారం తీర్పు నమోదైన 14 రోజులు. షికాగోలో ఉన్న ఇల్లినాయ్ ఉత్తర జిల్లా కోర్టులో స్థానిక రూల్ 54.3 ప్రకారం 91 రోజులు. అక్కడ ముందు ఇరుపక్షాలు టైమ్‌షీట్ల మీద మాట్లాడుకోవాలి. కుదరకపోతే అవతలివాళ్లు కూడా తమ గంటలు, రేట్లు బయటపెట్టాలి. "మీ 80 గంటలు ఎక్కువ" అన్న లాయర్ తను అదే కేసుకు ఇంకా ఎక్కువ బిల్లు వేసి ఉంటే, ఆ కాగితం మా పిటిషన్‌కి మంచి జత. ఫైలింగ్ ఫీజు 405 డాలర్ల లాంటివి మాత్రం కోర్టు ఖర్చుల బిల్లులో వేరుగా అడగాలి. ఫీజు పిటిషన్ తయారీకి పట్టిన గంటలనూ ఫీజులో అడగొచ్చు, మితంగా ఉంటే ఇస్తారు.

అప్పీలు గడువు 30 రోజులు మాత్రం ఫీజు తేలేదాకా ఆగదు. జడ్జి ప్రత్యేకంగా ఆర్డర్ వేస్తే తప్ప, అది తీర్పు నాటి నుంచే నడుస్తుంది.