డ్యాఫ్‌లో ఒక్క లైను, పోయిన ఒక అటెంప్ట్

సివిల్స్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది, ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. ప్రిలిమ్స్‌కి ఏం చదివావన్నా, టెస్ట్ సిరీస్ ఎన్ని రాశావన్నా అని అడుగుతున్నారు. అవి మీరందరూ చదివేవే, రాసేవే. నేను చెప్పాల్సింది పోయినసారి ఇంటర్వ్యూ గురించి.

డ్యాఫ్‌లో, అంటే మన వివరాలన్నీ నింపిచ్చే దరఖాస్తు ఫారంలో, హాబీ దగ్గర 'అమెరికా పౌరహక్కుల ఉద్యమ చరిత్ర' అని రాశాను. కాస్త గొప్పగా కనిపిస్తుందనే రాశాను, దాచేదేముంది. బోర్డులో ఒక మేడమ్ ఆ ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ గురించి చెప్పమన్నారు. ఇంకేం! 1963 వాషింగ్టన్ మార్చ్‌లో 23 ఏళ్లకే ప్రసంగం, 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం చేసిన మార్చ్‌లో సెల్మా వంతెన దగ్గర పోలీసు దెబ్బకి పుర్రె చిట్లడం, ఆ ఆగస్టులోనే ఓటు హక్కుల చట్టం... గడగడా అప్పజెప్పాను. ఆవిడ అంతా విని, "అమెరికా కాంగ్రెస్‌కి మొదటిసారి పోటీ చేసినప్పుడే గెలిచారా?" అన్నారు. కాంగ్రెస్ అంటే వాళ్ల పార్లమెంటు.

"అవును మేడమ్" అనేశాను. ఆవిడ ఇంకేం అడగలేదు. ఫైనల్ లిస్టులో నా పేరు లేదు.

ఆ తర్వాత కూర్చుని చదివాను. 1966లోనే ఆయన నడిపిన విద్యార్థి సంఘం అధ్యక్ష పదవి స్టోక్లీ కార్మైకేల్‌కి పోయింది. కొన్నేళ్లు ఓటర్ల నమోదు పని. 1977లో ఆండ్రూ యంగ్ ఐక్యరాజ్యసమితికి రాయబారిగా వెళ్తే, ఖాళీ అయిన ఆయన అట్లాంటా కాంగ్రెస్ సీటుకి నిలబడి ఓడిపోయారు. 1981లో సిటీ కౌన్సిల్, అంటే మన లెక్కలో కార్పొరేటర్. 1986లో అదే సీటుకి డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఎదురు నిలిచింది ఉద్యమంలో కలిసి పనిచేసిన జూలియన్ బాండ్. మొదటి రౌండులో బాండే ముందు, రనాఫ్‌లో, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పెట్టే ఓటింగులో, లూయిస్ గెలిచారు. అక్కణ్ణుంచి 17 సార్లు, 2020లో పోయేదాకా ఆ సీటు ఆయనదే.

నా నోట్సులో 1965 తర్వాత పేజీ ఖాళీ. మీ నోట్సూ ఒకసారి తీసి చూసుకోండి.

"ఆ అమెరికా గోల పెట్టకపోతే ఏడాది ముందే కొట్టేవాడివి" అంటాడు మా మామయ్య. నేనొప్పుకోను. ఎథిక్స్ పేపర్లో మార్కులు తగ్గాయి, అసలు దెబ్బ అక్కడ. పొద్దున్నే లేచి రోజూ రెండు ఆన్సర్లు రాయనివాడికి ఏ హాబీ పెట్టినా ఒకటే.

ఈసారీ హాబీ మార్చలేదు. నెల రోజులు లూయిస్ మీదే కూర్చున్నాను. బోర్డులో ఒక్కరూ అడగలేదు. సగం టైమ్ గుంటూరు మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీల మీదే నడిచింది.