స్టార్‌బోర్డులో నక్షత్రం లేదు

మన బడిలో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో చేరిన ప్రతివాడికీ మొదట నేర్పేది ఒకటే. పడవలో ముందు భాగం వైపు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి పక్క స్టార్‌బోర్డు, ఎడమచేతి పక్క పోర్టు. కుడి, ఎడమ అంటే సరిపోదా సార్ అని అడిగితే ఇన్‌స్ట్రక్టర్ కసురుకునేవారు. "తెడ్డు వేసేవాడు వెనక్కి తిరిగి కూర్చుంటాడు. వాడి కుడి నీ ఎడమ. పడవకి అలాంటి గొడవ లేదు."

స్టార్‌బోర్డు అన్న పేరు ఎక్కడిదో చెప్పింది మాత్రం మన ఇంగ్లీషు మాస్టారు. ముందు మమ్మల్నే అడిగారు. క్లాసంతా చుక్కలే అంది. రాత్రిళ్లు చుక్కల్ని చూసే కదా ఓడలు నడిపేది! ఆయన నవ్వి, బోర్డు మీద పాత ఇంగ్లీషు మాట రాశారు: స్టేయోర్‌బోర్డ్. స్టీరింగ్‌లో ఉన్న స్టీరే ఇందులోనూ ఉంది. బోర్డ్ అంటే ఓడ పక్క. వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా ఓడలకు వెనక మధ్యలో చుక్కాని ఉండేది కాదు. ఎక్కువమందిది కుడిచేతి వాటం కాబట్టి, కుడిపక్కన వెనగ్గా పెద్ద తెడ్డు బిగించి దాంతోనే ఓడను తిప్పేవాళ్లు. 1880లో నార్వేలోని గోక్‌స్టాడ్‌లో మట్టిదిబ్బ తవ్వితే బయటపడిన వైకింగ్ ఓడకూ తెడ్డు కుడివైపే ఉంది.

తెడ్డున్న పక్కను రేవుకు ఆనిస్తే అది విరుగుతుంది. అందుకని ఎడమపక్కను ఆనించి సరుకు ఎక్కించేవాళ్లు. అది లార్‌బోర్డు. గాలి హోరులో స్టార్‌బోర్డు, లార్‌బోర్డు అని కేకేస్తే తేడా ఏం తెలుస్తుంది? మాస్టారు ఇద్దరిని వరండా చివరికి పంపి కేకలు వేయించారు కూడా. పక్క సెక్షన్ టీచరు పరుగెత్తుకొచ్చారు. ఈ తికమక వల్లే బ్రిటిష్ నేవీ 1844లో లార్‌బోర్డు మానేసి పోర్టు అనమంది. రెండేళ్లకు అమెరికా నేవీ కూడా అదే చేసింది. పోర్టు అప్పటికే నావికుల నోళ్లలో ఉన్న మాటే, రేవు వైపు ఉండే పక్క అని.

నాకు మాత్రం ఫ్రెంచివాళ్ల 'బాబోర్' ఇంకా నచ్చింది. తెడ్డు పట్టినవాడి వీపు ఎటుంటే అటు అని దాని పుట్టుక.

ఆ ఏడు ఎన్‌సీసీ 'ఏ' సర్టిఫికెట్ పరీక్షలో ఇవేవీ రాలేదు. ఓడకు పోర్టు వైపు వెలిగే లైటు రంగేమిటని అడిగారు. ఎరుపు.